పేనుబంక జోరు తగ్గించే పప్పుజాతి మొక్కలు

సంక్రాంతికి ముందూ వెనకా బెంగళూరులో ఏ కూరగాయల మార్కెట్‌కి వెళ్ళినా అనపకాయల గుట్టలే. అవరెకాయి అని కన్నడంలో అడిగేవాళ్ళూ, అనపకాయలు కిలో ఎంత అని తెలుగులో బేరమాడేవాళ్ళూ పక్కపక్కనే నిలబడి ఏరుకుంటారు. చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు పల్లెల్లో ఈ పంట వేసే రైతుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలకి పితికిపప్పు, అంటే తొక్క ఒలిచిన అనపగింజలు, లేకుండా చలికాలం గడవదు. బెంగళూరులో ఈ గింజల పేరు మీదే ఏటా మేళా జరుగుతుంది.

సరిగ్గా ఆ చలి రోజుల్లోనే, మబ్బు పట్టి ఎండ పలచబడినప్పుడు, చేలో అనప తీగల చివర్లు నల్లబడతాయి. దగ్గరికెళ్ళి చూస్తే అది పేనుబంక, మొక్క రసం పీల్చే సన్న పురుగు. లేత చిగురు మీద, పూగుత్తి కాడ మీద, ఇంకా గింజ పట్టని పిందె మీద సందు లేకుండా అతుక్కుని ఉంటుంది. ఎదిగినవి నిగనిగలాడే నలుపు, పిల్లలు మసక బూడిద రంగు. వాటి మధ్య విడిచిన తెల్లటి కుబుసాలు ఇరుక్కుని ఉంటాయి. పురుగులు వదిలే తీపి జిగురు కింది ఆకుల మీద పడి మెరుస్తుంది, నాలుగు రోజులకి దాని మీద మసి బూజు పడుతుంది. ఆ జిగురు కోసం చీమలు కాండం పొడవునా బారులు తీరతాయి. పేనుబంకని తినే అక్షింతల పురుగు దగ్గరికి వస్తే తరిమేస్తాయి కూడా. అలసంద, వేరుశనగ, పెసర, మినుము, అన్నిటి మీదా వాలేది ఈ నల్ల పేనుబంకే. శాస్త్రీయ నామం ఏఫిస్ క్రాక్సివోరా. పంట లేని రోజుల్లో పొలం గట్ల మీది గ్లిరిసిడియా కొమ్మల్లో కూడా ఇది కనిపిస్తుంది.

అయితే ఒకే ఊళ్ళో, ఒకే వాతావరణంలో, పక్కపక్క సాళ్ళలో ఉన్న మొక్కలన్నీ ఒకేలా దెబ్బతినవు. ఒక రకం ముడుచుకుపోయి పూత రాల్చేస్తే, పక్క రకం మీద కొద్దిపాటి పురుగులున్నా కాపు ఆగదు. ఇందులో ఎరువు పాత్ర కొంత ఉంటుంది. నత్రజని ఎక్కువైతే పేనుబంక ఎగబడుతుందని ప్రతి రైతుకీ తెలుసు. విత్తిన తేదీ, నీటి తడి కూడా లెక్కలోకి వస్తాయి. అవన్నీ సమానంగా ఉంచి చూసినా ఇంకా మిగిలే తేడా మాత్రం విత్తనంలో ఉన్నదే. ఆ తేడాని పెంచి పోషించాలంటే ముందు దాని స్వభావం తెలియాలి. తట్టుకునే రకం అనగానే పురుగే వాలని మొక్క, వాలినా చచ్చిపోయే మొక్క అనుకోవడం మామూలు. పప్పుజాతి పంటల్లో ఇప్పటిదాకా దొరికిన సహజ నిరోధకతలో ఎక్కువ భాగం అలాంటిది కాదు. అది పురుగు పెరుగుదలని నిదానింపజేస్తుంది, అంతే. ఆ నిదానానికి ఎంత విలువ ఉందో సరిగా లెక్కగట్టకపోవడం వల్లనే చాలా మంచి విత్తనాలు పక్కన పడిపోతున్నాయి.

అమెరికాలోని కాన్సస్‌లో పనిచేసిన కీటక శాస్త్రవేత్త రెజినాల్డ్ పెయింటర్ 1951లోనే ఈ తేడాలని మూడు తరగతులుగా విడదీశాడు. పురుగుకి మొక్క నచ్చకపోవడం మొదటిది. వాలి రసం పీల్చినా దాని ఎదుగుదల, సంతానం తగ్గిపోవడం రెండోది. పురుగులు ఎన్ని ఉన్నా మొక్క ఓర్చుకుని దిగుబడి ఇవ్వడం మూడోది. ఒకే రకంలో ఈ మూడూ వేర్వేరు పాళ్ళలో కలిసి ఉండొచ్చు. పేనుబంక విషయంలో అన్నిటికన్నా బరువైనది రెండోది.

ఎందుకంటే పేనుబంక బలమంతా అది పెరిగే వేగంలోనే ఉంది. వెచ్చటి ప్రాంతాల్లో దీనికి మగ పురుగుతో పనే లేదు. ఆడ పురుగు గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలన్నీ ఆడవే. తల్లి కడుపులో ఉన్న పిల్ల కడుపులో అప్పటికే మనవరాలి పిండం మొదలై ఉంటుంది. పుట్టిన పిల్ల వారం పది రోజుల్లో తనూ తల్లవుతుంది. మామూలు లెక్క ఒకటి వేసి చూడొచ్చు. ఒక మొక్క మీద 10 పురుగులున్నాయనీ, రెండు రోజులకోసారి వాటి సంఖ్య రెట్టింపవుతుందనీ అనుకుందాం. 24 రోజులకి అవి 40,960 అవుతాయి. రెట్టింపు కావడానికి రెండు రోజుల బదులు మూడు రోజులు పట్టే మొక్క మీదైతే అదే గడువుకి 2,560 మాత్రమే. పొలంలో వానా గాలీ శత్రు పురుగులూ ఉంటాయి కాబట్టి ఇంత నిక్కచ్చిగా ఏదీ జరగదు. కానీ మొక్క చేసింది ఒక్క పురుగునీ చంపకుండా ఒక్క రోజు జాప్యం చేయడమే. ఆ జాప్యం నెల తిరక్కుండానే 16 రెట్ల తేడా తెచ్చింది.

ఆ జాప్యంలోనే మిగతా బలగం చేరుకుంటుంది. అక్షింతల పురుగు ఎగిరొచ్చి గుడ్లు పెట్టాలి, అవి పొదిగి పిల్లలు బయటికి రావాలి, అప్పుడు కదా అవి పేనుబంకని తినేది. పేనుబంక లోపల గుడ్డు పెట్టి దాన్ని ఎండిన గుల్లలా మార్చే చిన్న కందిరీగలకీ టైమ్ కావాలి. అమెరికాలో సోయా రైతులకి అక్కడి శాస్త్రవేత్తలు ఇచ్చే సలహా కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. సగటున మొక్కకి 250 పురుగులు దాటి, సంఖ్య ఇంకా పెరుగుతుంటేనే మందు కొట్టమంటారు. అంతకన్నా తక్కువైతే మందు ఖర్చు తిరిగి రాదు. మన దగ్గర నాలుగు నల్ల చుక్కలు కనపడగానే టెన్షన్ పడి పంపు భుజానికెత్తుకోవడం జరుగుతోంది. మొదటి పిచికారీకి ముందు పోయేది అక్షింతల పురుగులే.

ఇంతకీ మొక్క జాప్యం ఎలా చేస్తుంది? పేనుబంక ఆకుని కొరకదు. సూదిలాంటి మూతిని కణాల మధ్య సందుల్లోంచి జరుపుకుంటూ, దారిలో కొన్ని కణాలని పొడిచి రుచి చూస్తూ, ఆకుల్లో తయారైన చక్కెరని మోసుకెళ్ళే నాళం దాకా వెళుతుంది. ఈ నాళ వ్యవస్థ పేరు ఫ్లోయం. అక్కడ రసం ఒత్తిడితో ప్రవహిస్తుంది కాబట్టి ఒకసారి మూతి సరిగ్గా దిగితే గంటల తరబడి కదలకుండా తాగొచ్చు. ఈ ప్రయాణాన్ని కంటితో చూడటం కుదరదు. దానికి 1960లలో ఒక పద్ధతి కనిపెట్టారు, తర్వాత డచ్ శాస్త్రవేత్త టియాలింగీ దాన్ని మెరుగుపరిచాడు. వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగని పేనుబంక వీపు మీద వెండి కలిపిన జిగురుతో అంటిస్తారు. ఇంకో తీగని కుండీ మట్టిలో గుచ్చుతారు. పురుగు మూతి మొక్కలో దిగిన క్షణం సర్క్యూట్ పూర్తయి, స్క్రీన్ మీద గీత కదులుతుంది. మూతి కణాల మధ్య సందులో ఉంటే ఒక తీరు గీత, కణాన్ని పొడిస్తే గభాలున పడిపోయే గీత, ఫ్లోయం రసం తాగుతుంటే ఇంకో తీరు. తట్టుకోలేని రకం మీద పురుగు స్థిమితంగా గంటలు గంటలు తాగుతున్నట్టు గీత చూపిస్తుంది. తట్టుకునే రకం మీద అదే పురుగు పొడుస్తుంది, మూతి తీసేస్తుంది, మళ్ళీ పొడుస్తుంది. కొన్ని రకాల మీద నాళం దాకా చేరుతుంది గానీ ఎక్కువసేపు తాగలేకపోతుంది. వేగం తగ్గడం మొదలయ్యేది ఇక్కడే. కడుపు నిండని తల్లికి పిల్లలు తక్కువ పుడతాయి, పుట్టినవి ఎదగడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

పప్పుజాతి మొక్కల నాళాల్లో ఇంకో ప్రత్యేకత ఉంది. మిగతా కుటుంబాల మొక్కల్లో కనపడని ఫోరిసోమ్‌లు అనే ప్రోటీన్ కట్టలు ఇందులో ఉంటాయి. నాళానికి గాయమై లోపలికి కాల్షియం చొరబడగానే అవి ఒక్కసారిగా ఉబ్బి దారి మూసేస్తాయి. కాల్షియం తగ్గితే మళ్ళీ సన్నబడి దారి వదులుతాయి. చూస్తే పేనుబంకకి ఇది చావుదెబ్బే కావాలి. కానీ 2007లో జర్మన్ శాస్త్రవేత్తలు పేనుబంక లాలాజలంలో కాల్షియాన్ని పట్టేసుకునే ప్రోటీన్లున్నాయనీ, వాటితో అది ఫోరిసోమ్‌లని ఉబ్బనివ్వకుండా చేస్తుందనీ చూపించారు. కాబట్టి ఫోరిసోమ్ ఉండటం ఒక్కటే చాలదు. అవి తట్టుకోలేని రకాల్లోనూ ఉన్నాయి. రకానికీ రకానికీ తేడా తెచ్చేది చాలాసార్లు ఆ లాలాజలాన్ని మొక్క గుర్తుపట్టిందా లేదా అన్నదే. గుర్తుపట్టే పనికి మొక్కల్లో ఒక పెద్ద జన్యు కుటుంబం ఉంది. టమాటాలో ఈ కుటుంబానికి చెందిన ఎంఐ-1.2 అనే జన్యువు నులిపురుగుతో పాటు ఒక జాతి పేనుబంకని కూడా అడ్డుకుంటుందని 1998లో తేలింది. పప్పుజాతిలో ఈ పరిశోధన ఎక్కువగా జరిగింది మెడికాగో ట్రంకటులా అనే చిన్న పచ్చిక మొక్క మీద. ఆస్ట్రేలియాలో పశువుల మేతకి వేసే జెస్టర్ అనే దాని రకంలో నీలి-ఆకుపచ్చ పేనుబంకని అడ్డుకునే ఏకేఆర్, మచ్చల పేనుబంకని అడ్డుకునే టీటీఆర్ అనే రెండు వేర్వేరు జన్యువులు మూడో క్రోమోజోమ్ మీద ఉన్నట్టు కనుక్కున్నారు. ఏకేఆర్ ఉన్న మొక్కల మీద పురుగు ఫ్లోయం దగ్గరే ఇబ్బంది పడుతుందని బంగారు తీగ పరీక్షే చెప్పింది. ఒక జాతి పేనుబంకకి పనిచేసిన జన్యువు ఇంకో జాతికి పనిచేస్తుందన్న హామీ లేదని కూడా దీని వల్ల తెలుస్తుంది.

అన్నీ గుర్తుపట్టే జన్యువుల పనే అనుకోనక్కర్లేదు. వేరుశనగలో ఈసీ 36892 అనే రకం మీద నల్ల పేనుబంక సరిగా పెరగదు. దాని ఆకు తొడిమల్లో ప్రోసయానిడిన్ అనే వగరు పదార్థం ఎక్కువగా ఉండటానికీ, పురుగు తగ్గడానికీ సంబంధం ఉందని 1992లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. ఇది పరాయి పురుగుని చూసి రేగే రక్షణ కాదు, మొక్కలో ముందునుంచీ ఉండే రుచి.

వేరుశనగ కథలో దక్షిణాది రైతు పేరు లేకుండా చేసిన మేలు ఒకటుంది, అది అందరికీ తెలియాల్సింది. ఆఫ్రికాలో వేరుశనగకి రోజెట్ అనే వైరస్ తెగులు పెద్ద శాపం. మొక్క గిడసబారి గుబురుగా మారిపోతుంది, కాయ ఉండదు. 1975లో నైజీరియాలో ఒక్కసారిగా సుమారు 7 లక్షల హెక్టార్ల పంట దీనికి బలైంది. ఈ వైరస్‌ని మోసేది మన అనప తీగ మీద కనిపించే ఆ నల్ల పేనుబంకే. మన దేశంలో ఆ వైరస్ లేదు, అది మన అదృష్టం. పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తన నిధిలో ఐసీజీ 12991 అనే నంబరుతో దక్షిణ భారతం నుంచి సేకరించిన ఒక పొట్టికాలం నాటు వేరుశనగ ఉంది. మలావీలో దాన్ని పరీక్షిస్తే పొలంలో రోజెట్ చాలా తక్కువ వచ్చింది. వైరస్‌ని తట్టుకునే రకం దొరికిందనుకుని ప్రయోగశాలలో అంటు కట్టి నేరుగా వైరస్ ఎక్కించారు. మొక్కకి తెగులు వచ్చింది! అంటే దానికి వైరస్‌ని ఆపే శక్తి లేదు. మోసుకొచ్చే పురుగుని నిలవనివ్వని గుణం ఉంది, అంతే. ఆ గుణం ఒక అంతర్గత జన్యువు వల్ల వస్తోందని 2004లో గుర్తించారు. అంతర్గతం కాబట్టి తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే అది బయటపడుతుంది. సంకరం చేసిన మొదటి తరంలో కనిపించదు, తర్వాతి తరంలో ఓపిగ్గా వెతకాలి. మలావీలో ఈ నాటు రకాన్నే బాకా అనే పేరుతో రైతులకి విడుదల చేశారు.

ఇప్పుడు రెండో వైపు. బలమైన ఒకే జన్యువుని నమ్ముకుంటే ఏమవుతుందో సోయా చిక్కుడు చూపించింది. ఆసియాకి చెందిన సోయా పేనుబంక 2000లో అమెరికాలో మొదటిసారి కనపడి, కొద్ది ఏళ్ళలోనే అక్కడి సోయా ప్రాంతమంతా పాకింది. శాస్త్రవేత్తలు విత్తన నిధులు గాలించి డౌలింగ్ అనే పాత రకంలో రాగ్1 అనే జన్యువుని పట్టుకున్నారు. తర్వాత ఇంకో రకంలో రాగ్2 దొరికింది. రాగ్1 ఉన్న విత్తనం రైతుల చేతికి ఇంకా రాకముందే, దాన్ని లెక్కచేయకుండా పెరిగే పేనుబంక ఒహాయోలో దొరికింది. తర్వాత రాగ్2ని దాటేది, ఆ పైన రెండిటినీ దాటేది కూడా కనిపించాయి. వీటిని బయోటైప్‌లు అంటారు. చూడటానికి తేడా ఉండదు, మొక్క మీద పెట్టి చూస్తేనే తెలుస్తుంది. విత్తనం బజారులోకి వచ్చాక పురుగు మారడం వేరు. ఇక్కడ దాటగలిగే పురుగు ముందునుంచే గుంపులో ఉంది, మిగతావి తగ్గితే దానిదే రాజ్యం. అలసందలో కూడా ఇదే సంగతి. నైజీరియా ఇబాడాన్‌లోని ఐఐటీఏ అనే అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో దొరికిన నిరోధక రకాల్లో కొన్ని ఒక దేశంలో నిలబడి ఇంకో దేశంలో ఓడిపోయాయి. ఆ కేంద్రం తయారు చేసిన ఐటీ97కె-556-6 అనే అలసంద రకాన్ని కాలిఫోర్నియాలో సంకరం చేసి చూస్తే, దాని శక్తి ఒక పెద్ద జన్యు ప్రాంతం, ఒక చిన్న జన్యు ప్రాంతం కలిసి ఇస్తున్నదని 2015లో తేలింది. ఇలా రెండు మూడు చోట్ల నుంచి వచ్చే శక్తి ఒక్క జన్యువు కన్నా ఎక్కువ కాలం నిలబడే అవకాశం ఉంది, ఎందుకంటే అన్నిటినీ ఒకేసారి దాటే పురుగు అరుదు.

పేనుబంక ఒంటరిగా కూడా ఉండదు. దాని ఒంట్లో నివసించే బక్నెరా అనే బ్యాక్టీరియా ఫ్లోయం రసంలో లోపించే అమైనో ఆమ్లాలని తయారు చేసి ఇస్తుంది. కొన్ని పురుగుల్లో అదనంగా వేరే బ్యాక్టీరియాలు చేరతాయి. నల్ల పేనుబంకలోనే ఆర్సెనోఫోనస్ అనే బ్యాక్టీరియా ఉన్నవి అమెరికాలో లోకస్ట్ చెట్టు మీద బాగా పెరుగుతాయనీ, ఆ బ్యాక్టీరియాని తీసేస్తే అదే చెట్టు మీద వెనకబడతాయనీ 2015లో చూపించారు. అందుకే ఎక్కడో పరీక్షించి నిరోధకం అని రాసిన ముద్రని కోలారు చేలో ఉన్న పురుగు గౌరవిస్తుందని అనుకోలేం. పరీక్ష ఇక్కడి పురుగుతో ఇక్కడే జరగాలి.

రక్షణ పోవడానికి పురుగు ఒక్కటే కారణం కాదు. మన నాలుక కూడా ఒక కారణం. లూపిన్ అనే పప్పు గింజలో చేదు ఆల్కలాయిడ్లు ఉంటాయి. 1920ల చివర జర్మనీలో చేదు లేని తీపి లూపిన్‌ని ఏరి పెంచారు. తినడానికి బాగుంది, పశువులకి పెట్టడానికి బాగుంది. ఆల్కలాయిడ్ తగ్గిన పసుపు లూపిన్ రకాల మీద ఆస్ట్రేలియాలో పేనుబంక విరుచుకుపడింది. మనం తీసేసిన చేదే మొక్కకి కాపలా అని అప్పుడు అర్థమైంది. అనప విషయంలో బెంగళూరు జనం ఏరుకునేది కాయ మీది నూనె జిడ్డునీ, చేతికి అంటుకునే ఆ సువాసననీ. కన్నడంలో సొగడు అనే ఆ గుణం కోసమే ఎక్కువ ధర ఇస్తారు. ఇలా కాయని చూసి ఏరిన పంటలో తీగ చివర పేనుబంకని నిదానింపజేసే గుణం ఉందో లేదో ఎవరూ చూడలేదు, చూడాల్సిన అవసరం మార్కెట్‌లో ఎవరికీ రాలేదు.

దీనికి తోడు కాలం మారింది. పాత నాటు అనప పగలు కురచ అయ్యాకే పూసేది, చలికాలంతో పంట అయిపోయేది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన హెబ్బాళ అవరె 3, హెబ్బాళ అవరె 4 రకాలు పగటి పొడవుతో పనిలేకుండా పూస్తాయి. ఏ నెలలో విత్తినా కాస్తాయి. రైతుకి ఆదాయం, జనానికి ఏడాదంతా గింజలు, ఇది నిజంగా పెద్ద మేలు. కానీ ఏడాదంతా చేలో లేత అనప చిగురు ఉంటే ఏడాదంతా పేనుబంకకీ కూడు ఉన్నట్టే. పంట లేని నెలల్లో సహజంగా పడే అడ్డుకట్ట పోయింది కాబట్టి, ఆ పని ఇప్పుడు విత్తనమే చేయాలి. కొత్త రకాల పెంపకంలో పేనుబంకని నిదానింపజేసే గుణాన్ని దిగుబడి, గింజ సైజులతో సమానంగా చూడాల్సిన రోజు వచ్చిందనడానికి ఇదే బలమైన కారణం.

చూడటం కష్టమైన పనేం కాదు. లేత మొక్కల ట్రేలో రకానికో వరుస విత్తుతారు, మధ్యలో బాగా దెబ్బతినే రకం ఒక వరుస తప్పనిసరిగా ఉంచుతారు. మొక్కకి ఇన్ని అని ఎదిగిన పురుగుల్ని కుంచెతో పెట్టి, దోమతెర కప్పి, దెబ్బతినే రకం వాడిపోయే రోజున మిగతా వరుసలకి మార్కులు వేస్తారు. ఇందులో ఒక లోపం ఉంది. ఒక్క రోజు మార్కుల్లో బతికిన మొక్క, చచ్చిన మొక్క తేలతాయి. పైన చెప్పిన ఒక్క రోజు జాప్యం ఇచ్చే రకం, శత్రు పురుగులు రాలేని దోమతెర లోపల ఆలస్యంగానైనా వాడిపోయి, పనికిరానిదిగా లెక్కలోకి వెళ్ళిపోతుంది. నాలుగు రోజులకోసారి పురుగుల్ని లెక్కపెట్టి పెరుగుదల వేగాన్ని రాస్తే అలాంటి రకాలు చేజారవు. తర్వాత వాటినే దోమతెర లేకుండా చేలో చూడొచ్చు.

బెంగళూరులో మిద్దెతోటలు పెంచే తెలుగువాళ్ళ దగ్గర ఊరి నుంచి తెచ్చుకున్న అలసంద, అనప విత్తనాలు ఏవో కొన్ని ఉంటాయి. అలసంద, అనప రెండూ ఎక్కువగా తమ పుప్పొడితోనే గింజ కట్టే పంటలు. కాబట్టి మంచి మొక్క నుంచి తీసిన విత్తనం చాలావరకు తల్లి గుణాన్నే తెస్తుంది. పేనుబంక తక్కువ పట్టిన మొక్కకి దారం కట్టి, దాని గింజలు విడిగా దాచుకోవచ్చు. ఆ మొక్క నిజంగా తట్టుకుందో, పురుగు దాని దాకా రాక బతికిపోయిందో మాత్రం ఆ ఏడాది తేలదు. మరుసటి చలికాలం ఆ గింజల్ని, బాగా దెబ్బతిన్న మొక్క గింజల్ని ఒకే కుండీ వరుసలో ఒకదాని తర్వాత ఒకటి వేసి, మందు కొట్టకుండా, చిగురు మీది పురుగుల్ని వారానికి రెండుసార్లు లెక్కపెట్టాలి.